పరదేశి చేతి ముద్ద



హైదరాబాదు నుండి బెజవాడ వచ్చే బస్సు ఎక్కినవారికి ఇబ్రహీంపట్నమును పరిచయము చేయనక్కరలేదు. ఎంత నిద్రలో ఉన్నవారైనా ఇక్కడ లేస్తారు. "రింగు, రింగు దిగేవాళ్లు రండి" అని కండక్టరు కేక వేస్తాడు. కిటికీలోనుండి చూస్తే థర్మల్ స్టేషను పొగగొట్టాలు, కొండపల్లి కొండలు, దక్షిణాన కృష్ణానది. ఇక బెజవాడ వచ్చేసినట్టే అని అందరూ సంచులు సర్దుకుంటారు. ఆ తొందరలో ఈ ఊరిని ఎవరమూ చూడము. మేము కూడా చాలాకాలము అట్లే దాటిపోయినవారమే. ప్రభువు మమ్మును ఈ ప్రాంతములోని ఒక చిన్న సంఘమునకు కాపరిగా పంపిన తరువాతనే, కాలినడకన తిరిగి, ఇక్కడి మనుషులను కొంచెము తెలుసుకున్నాము. ఆ సంగతి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు. ఇందులో మా తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచము.

దారులు కలిసే ఊరు

ఇబ్రహీంపట్నము 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది. అంతకుముందు కృష్ణా జిల్లా. రింగు సెంటరులో రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. ఒకటి 65వ నంబరు రోడ్డు. అది పూనా నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నము పోతుంది. రెండవది 30వ నంబరు రోడ్డు. హిమాలయముల దిగువన ఉత్తరాఖండులోని సితార్‌గంజ్‌లో మొదలై, లక్నో, ప్రయాగ, జబల్‌పూరు, రాయపూరు, జగదల్‌పూరు దాటి, భద్రాచలము, కొత్తగూడెము, తిరువూరు, మైలవరము మీదుగా వచ్చి ఇక్కడ ఆగిపోతుంది. సుమారు రెండువేల కిలోమీటర్ల దారికి ఇది చివరి మజిలీ. దారి ఆగినచోట మనుషులు కూడా ఆగుతారు కదా!

థర్మల్ స్టేషనులో మొదటి యూనిట్ 1979లో నడవడము మొదలుపెట్టినది. డాక్టరు నార్ల తాతారావుగారి పేరు దానికి పెట్టారు. దాని పొయ్యిలోకి బొగ్గు సింగరేణి నుండి, ఒడిశాలోని తాల్చేరు నుండి రైళ్లలో వస్తుంది. బొగ్గు వచ్చిన దారినే పనివారు కూడా వచ్చారు. ప్రక్కనే కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే కుటుంబాలవారి పూర్వికులు కొన్ని వందల ఏళ్ల క్రితము రాజస్థాన్ నుండి వచ్చినవారని చెప్పుకుంటారు. ఈనాడు ఆ బొమ్మలు లేనిదే మన ఇండ్లలో బొమ్మల కొలువు లేదు, బడిలో బహుమతి లేదు. చివరకు నీళ్లు కూడా అంతే. 2015లో మొదలైన పట్టిసీమ పథకము ద్వారా ఎత్తిపోసిన గోదావరి నీరు కాలువలో ప్రయాణము చేసి ఈ ఊరి ఫెర్రీ దగ్గరనే కృష్ణలో కలుస్తుంది. వేసవి చివర ఆ రేవులో నిలబడి చూస్తే, ఏది కృష్ణ నీరో ఏది గోదావరి నీరో చెప్పగలవారు లేరు.

కాబట్టి ఈ ఊరిలో మనవాళ్లు ఎవరు, బయటివాళ్లు ఎవరు అని గీత గీయబోతే ఆ గీత నిలవదు. ఇది ఇప్పుడు మేము తేలికగా వ్రాస్తున్నాము. రెండేళ్ల క్రితము మాకును ఈ జ్ఞానము లేదు.

పొయ్యిలు వెలిగే వేళ

సాయంకాలము ఆరు గంటలకు రింగు దగ్గర నిలబడితే దేశమంతా ముక్కుకు తగులుతుంది. లారీలు ఆగేచోట బీహారు నుండి వచ్చిన ఒక పెద్దాయన నిప్పుల మీద లిట్టీలు కాలుస్తాడు. వేయించిన శనగలను విసిరిన పిండిని వారు సత్తు అంటారు. అందులో వాము, వెల్లుల్లి, పచ్చిమిరప, ఆవనూనె కలిపి గోధుమపిండి ఉండలో కూరి కాలిస్తే లిట్టీ. దానికి నంజుడు చోఖా. వంకాయను, టమాటాను, బంగాళాదుంపను కాల్చి, తొక్క తీసి, మెదిపి, ఉప్పు, నూనె కలుపుతారు. మన కాల్చిన వంకాయ పచ్చడికి అది అచ్చముగా తోబుట్టువు. అక్కడికి నాలుగడుగుల దూరములో తమిళ సోదరుడు పరోటాలను రెండు చేతులతో చరిచి పొరలు విప్పుతుంటాడు. ఇంకొక మూల "రాగిసంకటి, నాటుకోడి పులుసు" అని రాయలసీమ కుటుంబము బోర్డు పెట్టినది. బెజవాడ రోడ్డు పొడుగునా కనబడే అయ్యంగార్ బేకరీలవారి మూలము కర్ణాటకలోని హాసన్ ప్రాంతము.

మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది, పూర్వము మంచి టిఫిను కావాలంటే ఉడిపి హోటలుకు పోవాలనేవారు. ఉడిపి మన ఊరు కాదు. అక్కడి పేద కుర్రవాళ్లు ఎంగిలి పళ్లేలు కడగడానికి మద్రాసు చేరి, క్రమముగా హోటళ్లు పెట్టారు. అట్లా కష్టపడి పైకివచ్చిన కె. కృష్ణారావుగారు 1938లో మద్రాసులో ఉడ్‌లాండ్స్ హోటలు తెరిచారు. పరాయివాని పెనము మీది దోసె ఈనాడు మన ఇంటి దోసె అయినది.

వీరిలో ఎక్కువమందికి పెట్టుబడి ఏమిటి? బ్యాంకు సొమ్ము కాదు, పొలము కాదు. తల్లి వంట! అమ్మ పొయ్యి దగ్గర చూచి నేర్చుకున్నదే వారి చదువు, వారి ఆస్తి. ఊరు విడిచేటప్పుడు దొంగలు ఎత్తుకుపోలేనిది అదొక్కటే.

మా తీర్మానము

ఇక మా తప్పు సంగతి. మా ప్రార్థనా మందిరపు ప్రహరీగోడకు ఆనుకుని ఒక ఒడియా కుటుంబము తోపుడుబండి పెట్టుకున్నది. భర్త, భార్య, ఎనిమిదేళ్ల పాప. ఉదయము మినప వడలు, బఠాణీల ఘుగ్ని. మధ్యాహ్నము అన్నము, కూర. థర్మల్ స్టేషను కాంట్రాక్టు పనివారు, లారీలవారు నిలబడి తిని పోయేవారు. నెమ్మదిగా మా విశ్వాసులలో గొణుగుడు మొదలైనది. ఆదివారము ఆరాధన వేళ పొగ లోపలికి వస్తున్నది అన్నారు కొందరు. ఆవనూనె వాసన పడటము లేదు అన్నారు ఇంకొందరు. "ఎవరో ఏమిటో, వాళ్ల శుభ్రత ఏమిటో" అన్న మాట కూడా వచ్చినది. పెద్దల కూటములో చర్చించి, బండి తీసివేయించాలని తీర్మానము వ్రాశారు. దాని క్రింద మా సంతకము కూడా ఉన్నది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 2020లో లాక్‌డౌను రోజులలో, నెత్తిన మూటలతో, చంకన బిడ్డలతో ఎందరో కూలీలు ఎండలో ఉత్తరదిక్కుకు నడిచిపోయారు. అప్పుడు మేము, మా సంఘస్తులము పులిహోర పొట్లాలు కట్టి వారికి పంచాము. ఫోటోలు కూడా తీసుకున్నాము. వారికి పెట్టిన చేతులే ఈనాడు వారిని లేపివేయమని సంతకము చేశాయి. మాకు అప్పుడు ఇందులో తేడా ఏమీ తోచలేదు.

ఒక శుక్రవారము సాయంకాలము ఆ మాట చెప్పడానికి మేమిద్దరము, అనగా మా ఇంటివారు, మేము, బండి దగ్గరకు వెళ్లాము. గిరాకీ అప్పుడే తగ్గినది. మమ్మును చూడగానే ఆ తల్లి ప్లాస్టిక్ స్టూలు తుడిచి వేసినది.

"కూర్చో అయ్యా. తిను. పైసా వద్దు" అన్నది. తెలుగు నేర్చుకుంటున్నది గాని మీరు, తమరు అనే మర్యాదలు ఇంకా పట్టుబడలేదు.

"వద్దమ్మా, ఒక మాట చెప్పి పోదామని వచ్చాము" అన్నాము.

"మాట తరువాత. ముందు తిను."

మేము మొహమాటముగా నిలబడ్డాము. నిజము చెప్పాలంటే మొహమాటము ఒక్కటే కాదు. లోపల ఎక్కడో ఒక జంకు. ఆ జంకును మా ఇంటివారు ముందు జయించారు. స్టూలు మీద కూర్చుని పళ్లెము అందుకున్నారు. ఇక మేమును కూర్చోక తప్పినది కాదు.

దాల్మా రుచి

ఆ పళ్లెములో అన్నము, దాని మీద దాల్మా, ప్రక్కన చేపముక్క. దాల్మా అంటే పప్పే. అయితే అందులో పచ్చి బొప్పాయి, అరటికాయ, చేమదుంప, వంకాయ ముక్కలు కలిసి ఉడికి ఉన్నాయి. వేయించిన జీలకర్ర, ఎండుమిరప కలిపి దంచిన పొడి పైన చల్లినది. కొంచెము కొబ్బరి కోరు. తాళింపులో ఆవాలు, జీలకర్ర, మెంతులతోపాటు సోంపు, నల్లజీలకర్ర. ఆ అయిదు గింజలను వారు పంచఫుటన అంటారట. చేపకూరలో ఆవపిండి ముద్ద. మా ఇంటివారు రెండు ముద్దలు తిని ఆగిపోయారు.

"ఏమమ్మా, కారమా?" అని అతడు కంగారుపడ్డాడు.

"కాదు తమ్ముడూ. మా అమ్మమ్మ అరటికాయకు ఆవ పెట్టి చేసేది. ఆమె పోయిన తరువాత మా ఇంట్లో ఎవరూ చేయలేదు. ఆ రుచే ఇది" అన్నారు ఆమె.

తరువాత మాటలు వాటంతట అవే వచ్చాయి. వారిది పశ్చిమ ఒడిశాలోని బలంగీరు జిల్లా. వర్షాధారము పొలము. పంట చేతికి రాగానే ఒక సర్దారు వచ్చి అడ్వాన్సు ఇచ్చి కుటుంబములను దూరదేశపు ఇటుక బట్టీలకు తీసుకుపోతాడు. వర్షాలు వచ్చేవరకు అక్కడే గుడిసె. బాకీ తీరితే ఇంటికి, తీరకపోతే మరుసటి ఏడు మళ్లీ బట్టీకి. ఆ ప్రాంతములో ఇది ఏటేటా జరిగే వలస. వీరును అట్లే మూడేళ్లు చేశారు. బట్టీ దగ్గర ఆమె తోటి కూలీలకు వండి పెట్టేది. ఆమె చేతి వంట బాగున్నదని ఒక డ్రైవరు చెప్పగా, బాకీ తీరిన సంవత్సరము ధైర్యము చేసి ఈ బండి కొన్నారు.

"బట్టీలో పని చేస్తే మేము కూలీలం అయ్యగారూ. ఇక్కడ ఇటుకలు లెక్కపెట్టేవాడు లేడు. నా పాప బడికి పోతున్నది" అన్నాడు అతడు. ఆ పాప బండి క్రింద కూర్చుని తెలుగు వాచకము చదువుతున్నది. మన అక్షరములు!

వారి ఊళ్లో ఎండాకాలము ఏమి తింటారని మా ఇంటివారు అడిగారు. పఖాళ అన్నది ఆమె. రాత్రి అన్నములో నీళ్లు పోసి పులియబెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిరప నంజుకుని తినడము. మన చద్దన్నము కాదా! అరిసా పిఠా అంటే బెల్లము పాకములో బియ్యపుపిండి కలిపి కాల్చినది. మన అరిసె కాదా! భాద్రపదములో వారికి నువాఖాయ్ అనే పండుగ ఉన్నది. "నువా" అంటే క్రొత్త, "ఖాయ్" అంటే తినడము. క్రొత్త బియ్యము వండి, ముందు దేవునికి అర్పించి, ఇంటి పెద్ద చేతిమీదుగా అందరూ తిని, చిన్నవారు పెద్దవారి కాళ్లకు మ్రొక్కుతారు. మేము మా కోతపండుగ గురించి చెప్పాము. కనకములు, గుమ్మడికాయలు, వరి పనలు మందిరములోకి తెచ్చి ప్రథమఫలములుగా పెడతామని విని ఆమె ఆశ్చర్యపడినది. "మీకూ ఉందా?" అన్నది.

చెప్పవచ్చిన మాట చెప్పకుండానే మేము ఇంటికి వచ్చాము.

మిరపకాయ ఎవరిది?

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ పళ్లెము గురించియే ఆలోచించాము. కృష్ణకు అవతలి ఒడ్డున గుంటూరు ఉన్నది. దాని మిరప యార్డు పేరు దేశమంతా తెలుసు. మిరపకాయ అంటే ఆంధ్రుడు, ఆంధ్రుడు అంటే మిరపకాయ. అయితే మిరప మన దేశపు మొక్క కాదు. దానిని మొదట సాగుచేసినవారు సముద్రములకు అవతల మెక్సికో ప్రాంతపు ప్రజలు. సుమారు 500 ఏళ్ల క్రితము పోర్చుగీసువారి ఓడలలో అది మన తీరము చేరినది. అంతవరకు మనకు కారము అంటే మిరియమే. బొప్పాయి, మొక్కజొన్న కూడా ఆ దిక్కునుండి వచ్చినవే. టమాటా అన్న మాటే మెక్సికోవారి పాత భాషలోనిది. వారు రానీయకుండా మన పూర్వికులు గోడ కట్టియుంటే ఈనాడు మన ఆవకాయ జాడీలో ఏమి ఉండేది?

ఆ మెక్సికో ప్రజలు కూడా వలసపోయేవారే. ఉత్తరాన అమెరికా దేశమునకు పొలము పనులకు, కట్టడము పనులకు పోతారు. పోయినచోట వారి స్త్రీలు అమ్మ వంటనే నమ్ముకున్నారు. మొక్కజొన్నలను సున్నపు నీళ్లలో ఉడికించి, రుబ్బి, ఆ పిండిలో కూర పెట్టి, కండె మీది పొత్తులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. దానిని తమాలే అంటారు. కోనసీమలో పనసాకు బుట్టలలో పొట్టిక్కలు వండే అక్కచెల్లెండ్రకు ఆ పని చూపిస్తే వెంటనే అర్థమవుతుంది. మెక్సికోలో ప్రాంతమునకు ఒక వంట. వహాకా ప్రాంతమువారు రకరకముల ఎండుమిరపకాయలు వేయించి, గింజలు, మసాలాలు కలిపి నూరి మోలె అనే చిక్కని పులుసు చేస్తారు. 2010లో యునెస్కో సంస్థ మెక్సికో సంప్రదాయ వంటను ప్రపంచ మానవజాతి వారసత్వముగా గుర్తించినది.

అయినా ఆ వంటను వీధిలో అమ్ముకునే తల్లులకు గౌరవము వెంటనే రాలేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎన్నో పట్టణములలో కాలిబాట మీద తినుబండారములు అమ్మడము నేరముగా ఉండేది. 2018లో ఆ రాష్ట్రము చట్టము చేసి దానిని నేరముల లెక్కలోనుండి తీసివేసినది. వహాకా నుండి వచ్చిన ఒక కుటుంబము 1994లో లాస్ ఏంజెలెస్ నగరములో గెలగెట్సా అనే పేరుతో భోజనశాల తెరిచినది. 2015లో దానికి ఆ దేశపు పెద్ద వంటల పురస్కారము, జేమ్స్ బియర్డ్ సంస్థ ఇచ్చేది, లభించినది. ఆ పేరుకు అర్థము తెలిసినప్పుడు మా హృదయము కదిలినది. గెలగెట్సా అంటే వారి ఊరి భాషలో ఇచ్చిపుచ్చుకొనుట. నీ ఇంట పెండ్లికి నేను తెస్తాను, నా ఇంట పెండ్లికి నీవు తేవాలి. ఇచ్చుట ఒక్కటే కాదు, పుచ్చుకొనుట కూడా.

మా లోపము అక్కడనే ఉన్నదని ప్రభువు మాకు చూపించాడు. 2020లో మేము ఇచ్చాము. ఇచ్చేవాడు ఎప్పుడూ పైన నిలబడతాడు. పరదేశి చేతిలోనుండి పుచ్చుకొని తినడము వచ్చేసరికి మాకు జంకు కలిగినది.

చూరులోని గ్లాసు

మరుసటి వారము పెద్దల కూటమును, స్త్రీల సమాజమును కలిపి కూర్చోబెట్టాము. జరిగినది చెప్పి, తీర్మానము తిరిగి ఆలోచించమని అడిగాము. కొందరు ఒప్పుకోలేదు. "అయ్యగారూ, మీరు మెత్తబడిపోయారు. రేపు ఇంకో పది బండ్లు వస్తాయి" అన్నారు. ఆ మాటలోనూ కొంత న్యాయము ఉన్నది.

అప్పుడు ఎనుబది ఏండ్ల ఒక తల్లి లేచినది. కూటములలో ఎన్నడూ నోరు తెరవని మనిషి.

"నా చిన్నప్పుడు మా ఊరి కాఫీ హోటల్లో మనకి వేరే గ్లాసు ఉండేది నాయనా. చూరులో దోపి ఉండేది. అది మనమే తీసుకోవాలి. వాడు పైనుంచి పోస్తాడు. బయట నిలబడి తాగాలి. మళ్లీ మనమే కడిగి చూరులో దోపాలి. మా నాన్న ఆ గ్లాసు కడుగుతుంటే చూసి నేను కాఫీ తాగడమే మానేశా. ఇప్పటికీ తాగను. ఇవాళ మనకి గోడ వచ్చింది, గేటు వచ్చింది. గోడ వచ్చిందని మనమూ అదే చేద్దామా?"

ఆమె కూర్చున్నది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. రెండు గ్లాసుల పద్ధతిని మన సంఘములలో చదివి తెలుసుకున్నవారు తక్కువ, అనుభవించిన ఇండ్లవారు ఎక్కువ. ఎవరి చేతి నీళ్లు ఎవరు త్రాగకూడదో నిర్ణయించిన లోకమునుండి సువార్త మన తాతముత్తాతలను బల్ల దగ్గరకు పిలిచినది. ఒకే రొట్టె, ఒకే పాత్ర. ఆ పిలుపు విన్నవారమే మరియొకరిని గోడ అవతలికి పొమ్మన్నాము.

తీర్మానము కొట్టివేయబడినది. అందరి సమ్మతితో అని వ్రాయము, ఎందుకంటే ఇద్దరు పెద్దలు చేయి ఎత్తలేదు. అయితే పొగ సంగతి నిజమే గనుక, బండిని గోడ చివరకు, గాలి రోడ్డువైపు పోయేచోటికి జరపమని ఆ తమ్ముణ్ణి అడిగాము. ఆదివారము ఆరాధన ముగిసేవరకు పొయ్యి వెలిగించనని అతడే అన్నాడు. చెత్తకు డ్రమ్ము ఒకటి యౌవనస్తులు కొనిచ్చారు. ఇంత చిన్న పనితో తీరే సమస్యకు మేము ఒక కుటుంబపు కూడు తీసివేయబోయాము.

ఆ సంవత్సరము కోతపండుగకు వారిని పిలిచాము. వడ్డించడానికి కాదు, పంక్తిలో కూర్చోవడానికి. వారు ఖాళీ చేతులతో రాలేదు. ఒక పెద్ద గిన్నె దాల్మా తెచ్చారు. మా కోడి పలావు ప్రక్కన అది కూడా విస్తళ్లలో పడినది. కాఫీ త్రాగని ఆ తల్లి రెండవసారి వేయించుకున్నది. చేయి ఎత్తని ఇద్దరిలో ఒకరు తిన్నారు. ఇంకొకరు తినలేదు. ఆయన కోసము ప్రార్థిస్తున్నాము, ఆయనతో కలిసియే తింటున్నాము. ఆ కుటుంబము సంఘములో చేరినదా అని కొందరు మమ్మును ఉత్తరములలో అడిగారు. ఆ లెక్కతో మేము వారిని పిలువలేదు.

వాక్యము ఏమి నేర్పుచున్నది?

ఆతిథ్యము అనగానే మనకు మమ్రే దగ్గర గుడారపు ద్వారమున కూర్చున్న అబ్రాహాము జ్ఞాపకము వస్తాడు. అది పెట్టే ఆతిథ్యము. పుచ్చుకునే ఆతిథ్యము కూడా లేఖనములలో ఉన్నది. కరవుకాలములో దేవుడు ఏలీయాను ఎక్కడికి పంపాడు? ఇశ్రాయేలులోని ధనవంతుని ఇంటికి కాదు. సీదోను దేశపు సారెపతులో, పట్టెడు పిండి మిగిలిన అన్యజనురాలైన విధవరాలి ఇంటికి. ప్రవక్త ఆమె చేతి రొట్టె అడిగి తిన్నాడు. నజరేతులో మన ప్రభువు ఈ సంగతి ఎత్తినప్పుడు సమాజమందిరమువారు కోపముతో ఆయనను కొండ అంచుకు తోసుకుపోయారు. పరాయివారి చేతిలో దేవుని దీవెన ఉన్నదంటే ఆనాడును రుచించలేదు. ఆయనే యాకోబు బావి దగ్గర సమరయ స్త్రీని నీళ్లు అడిగాడు. ఆమె ఆశ్చర్యపడినది నీళ్లకు కాదు, తన చేతి నీళ్లు అడిగినందుకు. డెబ్బదిమంది శిష్యులను పంపుచు, ఏ ఊరిలో ఏది ముందు పెడితే అది తినమన్నాడు (లూకా 10వ అధ్యాయము).

రూతు సంగతి చూడండి. మోయాబునుండి వచ్చిన కోడలు. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. అక్కడ బోయజు ఆమెను చేను అంచున పరిగె ఏరుకోనిచ్చి ఊరకుండలేదు. భోజనవేళ కోతవారి ప్రక్కన కూర్చోబెట్టి పేలాలు అందించాడు. ఆ పరదేశురాలి సంతతిలో దావీదు, దావీదు సంతతిలో రక్షకుడు.

ఐగుప్తు విడిచిన ఇశ్రాయేలీయులు అరణ్యములో ఉల్లి, వెల్లుల్లి, దోసకాయలను తలచుకొని ఏడ్చిన సంగతి సంఖ్యాకాండము 11లో ఉన్నది. మనము వారి సణుగుడునే చూస్తాము. ఇల్లు విడిచినవాని నాలుక ఇల్లు మరువదు అన్నది కూడా అందులో ఉన్నది. డల్లాసులో, దుబాయిలో ఉన్న మన బిడ్డలు గోంగూర పచ్చడి పార్సిలు కోసము ఎంత ఎదురుచూస్తారో మనకు తెలియదా? అక్కడ ఎవరో వారి కూర వాసనకు ముక్కు మూసుకుంటే మన కడుపు ఎట్లుండును?

మనము చేయదగినవి

ప్రియ కుటుంబములారా, మీ ఊరిలోను, మండల కేంద్రములోను ఇట్టి పొయ్యిలు ఉంటాయి. మొదట వారి పేరు, ఊరు అడగండి. "ఒరే పానీపూరీ" అని పిలువకండి, వానికి తల్లి పెట్టిన పేరు ఉన్నది. బేరము ఆడకుండా కొనండి. వారి బిడ్డలు బడిలో చేరారో లేదో కనుక్కోండి.

తెలిసినవారు వారికి చెప్పవలసినవి మూడు ఉన్నాయి. వీధి వ్యాపారుల జీవనమును కాపాడుటకు 2014లో పార్లమెంటు చేసిన చట్టము ఒకటి ఉన్నది. దాని ప్రకారము పట్టణములలో సర్వే చేసి, వ్యాపార ధ్రువపత్రము, గుర్తింపు కార్డు ఇవ్వాలి. అందుకు పురపాలక కార్యాలయములో అడగాలి. రెండవది, 2020లో పి.ఎం. స్వనిధి అనే పథకము మొదటి విడత 10,000 రూపాయల వరకు అప్పుతో ప్రారంభమైనది. సక్రమముగా తీర్చినవారికి తరువాత ఎక్కువ మొత్తము ఇస్తారు. వడ్డీవ్యాపారి దగ్గరకు పోకముందు బ్యాంకులో విచారించమనండి. మూడవది, రేషను కార్డు సొంత రాష్ట్రములోనిదైనా, ఆధారుతో కలిసియుంటే కేంద్రము ఇచ్చే బియ్యము వారు ఇక్కడి చౌకధరల దుకాణములోనే తీసుకోవచ్చు. ఈ మాటలు వారికి వారి భాషలో చెప్పేవారు లేక చాలామంది నష్టపోవుచున్నారు.

అన్నిటికంటె ముఖ్యమైనది, వారి బల్ల దగ్గర కూర్చుని తినండి. వారికి పెట్టుట మంచిదే. వారు పెట్టినది తినుట అంతకంటె కష్టము, అంతకంటె మేలు.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారము అరటికాయకు ఆవ పెడతారు. ఆ పాప మా ఇంటివారి ప్రక్కన కూర్చుని ఆవాలు నూరుతుంది. "మా అమ్మ ఇంకా మెత్తగా నూరుతుంది అమ్మగారూ" అని తప్పు దిద్దుతుంది. తెలుగు మర్యాదలు దానికి వచ్చేశాయి. మీరు ఎప్పుడైనా ఇబ్రహీంపట్నము మీదుగా పోతే, బస్సు దిగి రింగు దగ్గర ఒక పూట ఆగండి. ఆకలితో దిగండి.

పరదేశులను ప్రేమించు ప్రభువు మన బల్లలను వెడల్పు చేయును గాక. ఆమేన్.